బంగారు మొనలతో కాంతి అలను గీసిన చిప్

నమస్కారం. సెకనును వెయ్యి లక్షల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకను. ఆ వ్యవధిలో కాంతి సైతం వెంట్రుక మందంలో నూరో వంతు దూరం కదలదు. కాంతి అంటే ఊగుతూ సాగే విద్యుత్, అయస్కాంత క్షేత్రాల అల. కంటికి కనిపించే ఎరుపుకు కాస్త ఆవల ఉండే సమీప పరారుణ కాంతిలో విద్యుత్ క్షేత్రం ఒకసారి ఊగి తిరిగి మొదటి స్థితికి రావడానికి సుమారు 4 ఫెమ్టోసెకన్లు చాలు. విద్యుత్ సంకేతాల ఆకారాన్ని తెరపై గీసి చూపే ఏ ఆసిలోస్కోపూ ఆ వేగాన్ని నేరుగా అందుకోలేదు. కాంతి అల ఆకారాన్ని గీయాలంటే చాలాకాలం గాలి తీసేసిన శూన్య గదులు, శక్తిమంతమైన లేజర్లు కావలసి వచ్చేవి.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం, జర్మనీలోని డెసీ పరిశోధన కేంద్రాల పరిశోధకులు 2021లో నేచర్ ఫోటానిక్స్ పత్రికలో ప్రకటించిన చిప్ ఈ పనిని మామూలు గాలిలోనే చేసి చూపించింది. దానిపై కాంతిని అందుకునే, మొనదేలిన అతి సూక్ష్మమైన బంగారు యాంటెన్నాలు (నానో యాంటెన్నాలు) ఉంటాయి. సుమారు 50 పికోజౌళ్ల (పికోజౌలు అంటే జౌలులో లక్ష కోట్ల వంతు శక్తి) లేజర్ పల్సు, అంటే అతి క్లుప్తమైన కాంతి మెరుపు, వాటిమీద పడినప్పుడు మొన దగ్గర క్షేత్రం ఎన్నో రెట్లు పెరిగి, ఎలక్ట్రాన్లను బయటికి లాగే దిశలో అది శిఖరానికి చేరిన క్షణంలోనే అవి ఎగిసిపడతాయి. ఆ ఎగసిపాటు ఒక ఫెమ్టోసెకను కంటే తక్కువ కాలంలో, అంటే అటోసెకన్ల (ఫెమ్టోసెకనులో వెయ్యో వంతు) లెక్కలో, ముగిసిపోతుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కొలవదలచిన బలహీన పల్సును కూడా అదే మొనపైకి పంపితే, ఆ క్షణాన దాని క్షేత్రం ఎటు, ఎంత ఉందో దాన్నిబట్టి వెలువడే ఎలక్ట్రాన్ల సంఖ్య కొద్దిగా పెరుగుతుంది లేదా తగ్గుతుంది. రెండు పల్సుల మధ్య కాలపు ఎడాన్ని కొంచెం కొంచెంగా జరుపుతూ సగటు కరెంటును నమోదు చేస్తే, బలహీన పల్సు అల బిందువు తరువాత బిందువుగా బయటపడుతుంది. ట్యూబులైటు వెలుగులో తిరిగే ఫ్యాను రెక్కలు ఒక్కోసారి మెల్లగా కదులుతున్నట్టు కనిపించడం గుర్తుందా? సూత్రం దాదాపు అదే. అందుకే తీగల్లో పారే కరెంటును కొలిచే సర్క్యూటు ఎంత నెమ్మదిదైనా ఫరవాలేదు. వేగమంతా బంగారు మొనదే. ఈ పరిశోధనలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఇదే.

ఇలా వారు కొలిచిన పల్సు శక్తి సుమారు 5 ఫెమ్టోజౌళ్లు (ఫెమ్టోజౌలు అంటే పికోజౌలులో వెయ్యో వంతు), అంటే ఎలక్ట్రాన్లను లాగిన ఆ 50 పికోజౌళ్ల పల్సులో పదివేల వంతు. వారికి దొరికింది పల్సు పైపై ఆకారం కాదు, లోపలి క్షేత్రపు ఊపులే. కాబట్టి ఆ కాంతి ఒక పదార్థం గుండా వెళ్లినప్పుడు అందులోని అణువులు ఎప్పుడు, ఎలా స్పందించాయో తెలుసుకునే వీలుంటుంది.

అయితే ఈ పద్ధతికి ప్రతి పల్సూ ముందుదానిలాగే ఉండాలి, లేకపోతే బిందువులు ఒకే అలకు చెందవు. కొలిచే పరికరం చిప్ మీదికి చేరినా, దాన్ని నడిపిన లేజరు మాత్రం ఇంకా ప్రయోగశాల బల్ల మీదే ఉంది.