వాషింగ్టన్ అనే ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, ఎటు వెళ్ళింది?

నమస్కారం అండీ. ఒక ఇంగ్లీషు ఇంటిపేరు తీసుకుని, దాని పుట్టుక, వలసలు ఎలా వెతకాలో ఈ వీడియోలో చేసి చూపిస్తాను. పేరు అందరికీ తెలిసిందే, వాషింగ్టన్.

ముందు మ్యాపు తెరవండి. అమెరికాది కాదు, ఇంగ్లండుది. ఈశాన్యంలో సండర్‌ల్యాండ్ పక్కన వాషింగ్టన్ అనే ఊరు కనిపిస్తోంది కదా? మన ఇంటిపేర్లలో ఊరి పేర్లు ఉన్నట్టే అక్కడా భూమి ఉన్న కుటుంబాలకి ఆ ఊరి పేరే నిలిచిపోయేది. అందుకే చివర ‘టన్’, ‘హామ్’, ‘లీ’ లాంటివి వినిపిస్తే ముందు ఊరి కోసం వెతకండి.

ఇప్పుడు కాగితాలు చూద్దాం. 1183లో, ఆ ఊరున్న డరమ్ ప్రాంతపు బిషప్పు తన భూముల లెక్కలు రాయించాడు. ఆ పుస్తకం పేరు బోల్డన్ బుక్. విలియం డి హెర్ట్‌బర్న్ అనే ఆయన తన హెర్ట్‌బర్న్ భూమి ఇచ్చేసి, బదులుగా వాషింగ్టన్ తీసుకున్నాడని అందులో ఉంది. ఊరు మారింది, దాంతో పేరూ మారింది. ఆ మారకం జరక్కపోయుంటే అమెరికా రాజధానికి ఇవాళ హెర్ట్‌బర్న్ అన్న పేరు ఉండేదేమో!

ఒక చిన్న చిట్కా. పాత కాగితాల్లో స్పెల్లింగ్ ఒక్కలా ఉండదు, వెస్సింగ్టన్ అనీ రాసేవారు. ఫ్యామిలీసెర్చ్ అనే ఉచిత సైట్‌లో అనుమానం ఉన్న అక్షరాల చోట నక్షత్రం గుర్తు పెడితే ఇలాంటి రూపాలు కూడా దొరుకుతాయి. చర్చి రిజిస్టర్లు మాత్రం 1538లోనే మొదలయ్యాయి. అంతకు ముందు కాలానికి భూమి పత్రాలే దిక్కు.

ఈ కుటుంబంలో ఒక శాఖ పడమరన లాంకషైర్‌లోని వార్టన్‌కి వెళ్ళింది. అక్కడి నుంచి వచ్చిన లారెన్స్ వాషింగ్టన్ ఉన్ని వ్యాపారంలో సంపాదించి, నార్తాంప్టన్‌కి మేయర్ అయ్యాడు. రాజు ఎనిమిదో హెన్రీ మఠాల భూములు లాక్కుని అమ్మేస్తుంటే, 1539లో సల్‌గ్రేవ్ ఎస్టేట్ కొన్నాడు. ఆయన వంశంలోనే మరో లారెన్స్, ఎసెక్స్‌లో చర్చి పూజారి. ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన అంతర్యుద్ధ సమయంలో, 1643లో, తాగుబోతని నింద వేసి ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రాజు పక్షం వాళ్ళ మీద అప్పట్లో ఇలాంటి నిందలు మామూలే, కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మక్కర్లేదు. ఏదైనా ఇల్లు గడవడం కష్టమైంది. కొడుకు జాన్ ఓడ ఎక్కాడు. పొగాకు నింపుకున్న ఆ ఓడ 1657లో పొటోమాక్ నదిలో ఇసుక మేటకి తగిలి ఆగిపోయింది. జాన్ వర్జీనియాలోనే ఉండిపోయి, అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. జార్జ్ వాషింగ్టన్ ఆయనకి మునిమనవడు.

చాలామంది వెతుకులాట ఇక్కడితో ఆపేస్తారు. నాకైతే అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. ఎందుకంటే జార్జ్‌కి సొంత పిల్లలు లేరు. 2000 సెన్సస్‌లో ఈ ఇంటిపేరు ఉన్నవాళ్ళు అమెరికాలో 1,63,036 మంది. వాళ్ళలో దాదాపు 90 శాతం నల్లజాతివాళ్ళు.

ఈ రిజిస్టరు చూడండి. 1783లో బ్రిటిష్ సైన్యం న్యూయార్క్ వదిలి వెళ్తూ, తమతో వస్తున్న నల్లజాతివాళ్ళ పేర్లు రాసుకుంది. ఇందులో హ్యారీ వాషింగ్టన్ అని ఒక వరుస ఉంది. వయసు 43, జనరల్ వాషింగ్టన్ (అంటే మన జార్జే) దగ్గరి బానిస, ఏడేళ్ళ కిందట వదిలి వచ్చాడు అని రాశారు. ఆయన పుట్టింది ఆఫ్రికాలో. నోవా స్కోషియా మీదుగా 1792లో సియెర్రా లియోన్ చేరాడు. డరమ్‌లో పుట్టిన పేరు అలా ఆఫ్రికా తీరానికి వెళ్ళింది.

బానిసగా పుట్టి పేరున్న విద్యావేత్త అయిన బుకర్ టి. వాషింగ్టన్ సంగతి వేరు. స్వేచ్ఛ వచ్చాక బడిలో చేరితే, హాజరు పిలిచేటప్పుడు మిగతా పిల్లలందరికీ రెండేసి పేర్లు ఉన్నాయి. తన వంతు వచ్చేసరికి ‘బుకర్ వాషింగ్టన్’ అని చెప్పేశాడు. సవతి తండ్రి పేరు వాషింగ్టన్ ఫెర్గూసన్. అంటే అక్కడ వాషింగ్టన్ అన్నది అసలు ఇంటిపేరే కాదు! కాబట్టి పేరు కలిసింది కదా అని ఎవరినీ జార్జ్ కుటుంబంలో కలిపేయకండి, ఆయన బానిసల వారసులని కూడా అనుకోకండి.

మరి బానిసత్వం నుంచి బయటపడిన ఇలాంటి కుటుంబాన్ని ఎలా వెతకాలి? 1850, 1860 సెన్సస్‌లలో బానిసల పట్టికలు విడిగా ఉన్నాయి. ఈ పేజీ చూడండి. ఎడమవైపు యజమాని పేరు, కింద వయసు, ఆడా మగా, రంగు. దాదాపు ఎక్కడా బానిస పేరు ఉండదు. విడుదలైన వాళ్ళందరి పేర్లూ మొదటిసారి 1870 సెన్సస్‌లో కనిపిస్తాయి. అందుకని మీరు ముందు 1870లో కుటుంబాన్ని పట్టుకోండి, పిల్లల వయసులు, పుట్టిన రాష్ట్రాలు రాసుకోండి, పక్కిళ్ళ పేర్లు కూడా. తర్వాత, విడుదలైన బానిసల కోసం పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా రిజిస్టర్లు తెరవండి, ఇవీ ఉచితమే. ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు అడిగి రాసేవారు. కొన్నింటిలో పాత యజమాని పేరు కూడా ఉంటుంది. అది దొరికితే మళ్ళీ 1860 పట్టికకి వెళ్ళి, ఆ యజమాని కింద ఉన్న వయసులతో మీరు రాసుకున్న వయసుల్లోంచి పదేళ్ళు తీసేసి పోల్చండి.