ఒప్పందం ఎప్పుడు చట్టమవుతుంది?

సభలోని పెద్దలకు, న్యాయవాద మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

అంతర్జాతీయ న్యాయం అనగానే మన ఆలోచన హేగ్ నగరానికో న్యూయార్క్‌కో పోతుంది. నేను మాత్రం ఈ ఊరి రేవు నుంచే మొదలుపెడతాను. 1984 ఏప్రిల్‌లో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ నౌక విశాఖపట్నం రేవుకు వచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పడిన దావా మీద దాన్ని నిలిపివేశారు. గోవాలోని మార్మగోవాలో సరుకు ఎక్కించుకున్న ఆ నౌక బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందుకున్నట్టు నౌక ఇచ్చే పత్రం) ఇవ్వకుండానే వెళ్లిపోయిందని, కొనుగోలుదారు డబ్బు కట్టలేదు కాబట్టి సరుకు ఇవ్వవద్దని చెప్పినా ఇచ్చేశారని ఎగుమతిదారు ఫిర్యాదు. 1861, 1890 నాటి బ్రిటిష్ చట్టాల ప్రకారం అటువంటి వివాదంలో విదేశీ నౌకను నిలిపే అధికారం ఈ హైకోర్టుకు లేదని యజమానులు వాదించారు. 1992లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. స్వతంత్ర దేశపు హైకోర్టు అధికారం వలస పాలకుల శాసనాల దగ్గరే ఆగిపోదని చెబుతూ, నౌకల నిలుపుదలపై 1952లో బ్రస్సెల్స్‌లో కుదిరిన ఒడంబడికలో భారతదేశం చేరకపోయినా అందులోని సూత్రాలను మన న్యాయస్థానాలు స్వీకరించవచ్చని తేల్చింది. నౌకా వివాదాలపై పార్లమెంటు చేసిన కొత్త అడ్మిరాల్టీ చట్టం అమల్లోకి వచ్చింది 2018లో.

చట్టసభ మౌనంగా ఉన్నచోట న్యాయస్థానం అంతర్జాతీయ న్యాయాన్ని ఆసరా చేసుకోవడాన్ని నేను సమర్థిస్తాను. ప్రభుత్వం అదే పని చేయబోతే మాత్రం ఒప్పుకోను. ఆ తేడా ఎందుకో చెప్పడానికే వచ్చాను.

మన రాజ్యాంగంలో 51వ అధికరణం అంతర్జాతీయ న్యాయం పట్ల గౌరవాన్ని పెంపొందించమంటుంది. అది కోర్టుల ద్వారా అమలు చేయించలేని ఆదేశిక సూత్రం మాత్రమే. 73వ అధికరణం కేంద్ర కార్యనిర్వాహక అధికారాన్ని పార్లమెంటు శాసనాధికారం ఉన్న విషయాలన్నిటికీ విస్తరింపజేస్తుంది, ఒప్పందాలు చేసుకోవడం వాటిలో ఒకటి. కేంద్ర జాబితాలోని 14వ అంశం కింద ఆ ప్రక్రియను క్రమబద్ధం చేసే చట్టం పార్లమెంటు చేయవచ్చు, కానీ అటువంటి సాధారణ చట్టం ఈనాటికీ లేదు. అందువల్ల సంతకం చేసేది మంత్రిమండలి ఒక్కటే. అయితే సంతకానికి హద్దులున్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని బేరుబారి ప్రాంతంలో కొంత భాగాన్ని పాకిస్థాన్‌కు ఇవ్వాలంటే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో సుప్రీంకోర్టు చెప్పింది. పాకిస్థాన్‌తో ఉన్న కచ్ సరిహద్దుపై మధ్యవర్తుల మండలి ఇచ్చిన తీర్పుపై వచ్చిన మగన్‌భాయి కేసులో, 1969లో, వివాదాస్పదమైన హద్దును ఖరారు చేయడానికి కార్యనిర్వాహక అధికారం చాలునంది. పౌరుల హక్కులు మారేచోట, ఉన్న చట్టం మారేచోట శాసనం కావాలని అదే కేసులో జస్టిస్ షా స్పష్టం చేశారు.

ఈ సూత్రానికి కఠిన పరీక్ష అమెరికాలో ఎదురైంది. మరణశిక్ష పడిన మెక్సికో పౌరులకు కాన్సులేట్ సహాయం గురించి తెలియజేయలేదు కాబట్టి వారి కేసులను పునఃసమీక్షించాలని 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆదేశించింది. దాన్ని రాష్ట్రాల కోర్టులు అమలు చేయాలని 2005లో అధ్యక్షుడు బుష్ లిఖితపూర్వకంగా కోరారు. అధ్యక్షుడు ఒంటరిగా అంతర్జాతీయ బాధ్యతను దేశీయ చట్టంగా మార్చలేరని ఆ ఖైదీలలో ఒకరైన మెడెయిన్ కేసులో 2008లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. కొన్ని నెలలకే ఆ ఖైదీకి మరణశిక్ష అమలైంది. ఆ ఫలితం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. అమెరికా తన మాట తప్పింది, తప్పు చట్టం చేయని అక్కడి చట్టసభ కాంగ్రెస్‌ది. అయినా ఒక మంచి పనికోసం కార్యనిర్వాహక వర్గానికి ఆ అధికారం ఇస్తే, మరునాడు మరో పనికి అదే అధికారాన్ని వాడకుండా ఆపేవారెవరు?

మన విశాఖ తీర్పు (విశాఖ అనేది ఊరి పేరు కాదు, పిటిషన్ వేసిన సంస్థ పేరు; రాజస్థాన్ నుంచి వచ్చిన 1997 నాటి కేసు) దీనికి భిన్నం. మహిళల పట్ల వివక్ష నిర్మూలన ఒడంబడికను భారతదేశం 1993లో ఆమోదించింది, పనిచేసే చోట లైంగిక వేధింపులపై చట్టం మాత్రం లేదు. న్యాయస్థానం ఆ ఒడంబడికను రాజ్యాంగ హక్కులకు అర్థం చెప్పడానికి వాడింది, ప్రభుత్వ అధికారాన్ని పెంచడానికి కాదు. చట్టం 2013లో వచ్చింది.

ఇక మనకు దగ్గరి విషయం. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోనిది. 1994లో మర్రకేష్‌లో కుదిరిన ప్రపంచ వాణిజ్య ఒప్పందం ఆ రంగాన్ని తాకినా రాష్ట్రాల సమ్మతి తప్పనిసరి కాలేదు. పైగా 253వ అధికరణం ఒప్పందం అమలుకోసం రాష్ట్ర విషయాలపైనా శాసనం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుంది. అంటే ఢిల్లీలో పడే ఒక సంతకం రాష్ట్ర శాసనసభ పరిధిని కుదించే దారి తెరుస్తుంది, ఆ సంతకానికి ముందు ఏ చట్టసభా దాన్ని చూడనక్కరలేదు. బ్రిటన్ 2010 చట్టం ప్రకారం, సాధారణంగా, ఆమోదానికి ముందు ఒప్పందాన్ని పార్లమెంటు ముందు 21 సమావేశ దినాలు ఉంచాలి. 14వ అంశం కింద మనమూ అటువంటి చట్టం కోరాలి. రాష్ట్ర జాబితాను తాకే ఒప్పందం ముసాయిదాను ఆమోదానికి ముందే రాష్ట్రాలకు పంపాలన్న నిబంధన అందులో ఉండాలి.