కుండపోత వానలు, కోపెన్‌హేగన్ వీధులు: ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. కుండపోత వానల గురించి ఒక దేశంలోని నగరం ఇంకో దేశపు నగరం దగ్గర, ముఖ్యంగా డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్ దగ్గర, ఏం నేర్చుకుంటోంది? ఇదీ ఈరోజు అంశం. వరద కాలువల పనులు చేసి రిటైరైన ఇంజనీరు గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్, మల్కాజ్‌గిరి నుంచి. చెప్పండి.

కాలర్: హలో... హలో, వినపడుతోందాండీ?

యాంకర్: వినపడుతోంది. రేడియో సౌండు కాస్త తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించా. నమస్తే సార్. మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంటు, ఇరవై ఫ్లాట్లు. నేను అసోసియేషన్ ప్రెసిడెంటుని. ఎవరూ ముందుకు రాకపోతే నన్ను కూర్చోబెట్టారు లెండి. 2020 అక్టోబర్‌లో సెల్లార్ నిండిపోయింది సార్. కార్లు మునిగాయి, వాచ్‌మన్ సామానంతా పోయింది. రెండు మోటార్లు కొన్నాం, అందులో ఒకటి పనిచేయదు. ఇంకోటేమో...

ఇంజనీరు: ప్రశ్న ఏంటండీ?

కాలర్: అదే సార్, వస్తున్నా. కోపెన్‌హేగన్‌లో నాలాలు ఎంత వెడల్పు పెట్టారు? మనమూ అంతే పెడితే సరిపోతుందా?

ఇంజనీరు: వెడల్పు దగ్గరే అందరం పొరపడతాం. 2011 జులై 2న అక్కడ రెండు గంటల్లో దాదాపు 15 సెంటీమీటర్ల వాన పడింది. అంత నీటికీ పైపులు వేయాలంటే ఊరంతా తవ్వాలి, ఖర్చు తట్టుకోలేరు. అందుకని నీటిని నేల మీదే నడిపించాలనుకున్నారు. కొన్ని వీధుల్ని వాన రోజున కాలువల్లా పారేలా మలిచారు. ఎంఘావే పార్కును పల్లం చేసి గట్టు కట్టారు, రెండు కోట్ల లీటర్లకు పైగా పడుతుంది. మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకుంటారు. 2012లో ప్లాన్ వేశారు, సుమారు 300 పనులు, ఇరవై ఏళ్లు. వందేళ్లకోసారి వచ్చే వానకైనా వీధిలో నీళ్లు పది సెంటీమీటర్లు దాటకూడదు, అదీ లక్ష్యం. అసలు నిలవకూడదని అనలేదు, గమనించండి.

కాలర్: బాగుంది సార్. మరి నాలా వెడల్పు...?

ఇంజనీరు: (నవ్వుతూ) వెడల్పు వదిలేయండి స్వామీ! మీ కరెంటు ప్యానెల్ బోర్డు ఎక్కడుంది?

కాలర్: సెల్లార్‌లోనే సార్.

ఇంజనీరు: చూశారా! ముందు దాన్ని పైకి మార్పించండి. ఇంకో మాట, నీళ్లు వస్తున్నప్పుడు బండి తీద్దామని సెల్లార్‌లోకి ఎవరూ దిగొద్దు. బండి పోతే పోనీ.

యాంకర్: థ్యాంక్యూ సార్. తర్వాత గుంటూరు నుంచి అమ్మ.

కాలర్: నమస్తే బాబూ. మా అమ్మాయి న్యూయార్క్‌లో, క్వీన్స్‌లో ఉంటుంది. బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది, అక్కడ అద్దెలు ఎక్కువంట. భయమాండీ?

ఇంజనీరు: భయపడమని అనను తల్లీ, జాగ్రత్త మాత్రం చెప్పండి. 2021 సెప్టెంబర్ 1న ఇడా తుపాను అవశేషం అక్కడ ఒక్క గంటలో 8 సెంటీమీటర్లు కురిసింది. నగరంలో 13 మంది పోతే 11 మంది బేస్‌మెంట్లలోనే. అంతకు ముందే, 2015లో, న్యూయార్క్ కోపెన్‌హేగన్‌తో ఒప్పందం చేసుకుంది. క్వీన్స్‌లోని సౌత్ జమైకాలో బాస్కెట్‌బాల్ కోర్టును పల్లం చేసి వాన నీళ్లు నిలిచేలా డిజైన్ చేశారు. కానీ ఒప్పందం కాగితం మీదికి వచ్చినంత త్వరగా పని నేల మీదికి రాదు కదమ్మా. వరద హెచ్చరిక ఫోన్‌కు రాగానే పై అంతస్తులో ఎవరింటికైనా వెళ్లిపొమ్మనండి. సామాను చూసుకుంటూ ఆగొద్దని చెప్పండి.

కాలర్: సరే బాబూ, ఇప్పుడే చెప్తా. అక్కడిప్పుడు టైమెంతో...

యాంకర్: థ్యాంక్స్ అమ్మా. విజయవాడ, సింగ్ నగర్.

కాలర్: సార్, ఈ పద్ధతి మా బుడమేరుకు పనికొస్తుందా?

ఇంజనీరు: రాదు. 2024లో మీకు వచ్చింది వాగు నీళ్లు, గట్టు తెగి వచ్చాయి. కోపెన్‌హేగన్ చేసింది ఊళ్లో పడిన వాన కోసం. రెండూ కలపొద్దు.

కాలర్: మరి గట్టు ఎవరు...

యాంకర్: సారీ అండీ, ఇంకా కాల్స్ ఉన్నాయి. వరంగల్ నుంచి విద్యార్థి.

కాలర్: సర్, వాళ్ల పద్ధతి వేరే దేశానికి చెప్తే కోపెన్‌హేగన్‌కు ఏం లాభం?

ఇంజనీరు: మంచి ప్రశ్న. ఊరికే చెప్పరు నాయనా, వాళ్ల ఇంజనీరింగ్ కంపెనీలకు పని దొరుకుతుంది. అందులో తప్పేం లేదు. మనకూ ఇది కొత్త కాదు. 1908లో మూసీ ముంచెత్తాక నిజాం సర్కారు విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన మైసూరు వాడు, అప్పటిదాకా బొంబాయి సర్కారు కొలువు చేశాడు. ఆ ఆలోచనల్లోంచే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. అయితే బయటివాళ్లు లెక్క చెప్పగలరు గానీ, మన నాలా ఎక్కడ పూడిందో మనమే చూసుకోవాలి.

యాంకర్: మొదటి కాలర్ మళ్లీ లైన్లో ఉన్నారు. క్లుప్తంగా సార్, టైం అయిపోతోంది.

కాలర్: సార్, వెడల్పు అడగను. ఆ ప్యానెల్ బోర్డు ఎంత ఎత్తులో పెట్టాలి?

ఇంజనీరు: ఆఁ, ఇదీ ప్రశ్న! 2020లో నీళ్లు నిలిచిన మరక గోడ మీద ఉందా?

కాలర్: ఉంది సార్, సున్నం వేసినా కనపడుతోంది.

ఇంజనీరు: ఎంత ఎత్తుంది?

కాలర్: నా భుజం దాకా.

ఇంజనీరు: అయితే సెల్లార్‌లో అసలు పెట్టొద్దు, గ్రౌండ్ ఫ్లోర్‌కు తెచ్చేయండి. కరెంటాఫీసు వాళ్లను అడిగి చేయించండి, మీ అంతట మీరు కదపొద్దు. ఆ పనిచేయని మోటారు కూడా బాగు చేయించండి.

కాలర్: అది వారంటీలో ఉంది సార్, కానీ షాపు వాడు...

యాంకర్: థ్యాంక్యూ సార్, థ్యాంక్యూ. ఇంజనీరు గారికి నమస్కారం. వార్తల తర్వాత పాటల కార్యక్రమం.