నల్లగొండ నుంచి చికాగో: దూరం ఎంత, ప్రయాణం ఎన్ని గంటలు?

నమస్కారం. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఎన్నో. కూతురి కాన్పుకని, మనుమడిని చూడాలని అరవై దాటిన అమ్మానాన్నలు మొదటిసారి విమానం ఎక్కుతున్నారు. వాళ్లను పంపేవాళ్లు టికెట్ మీది వేళలు చూసి గంటలు లెక్కపెడుతున్నారు. ఆ లెక్క సరిగా రాదు. ఎందుకో చెబుతాను.

ముందు దూరం. శంషాబాద్ నుంచి చికాగోకు సూటిగా కొలిస్తే సుమారు 13,300 కిలోమీటర్లు. గోడ మీది పటంలో చూస్తే లండన్ మీదుగా పడమటికి వెళ్లాలనిపిస్తుంది. ఒక గ్లోబు తీసుకుని రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి. దారం దాదాపు నేరుగా ఉత్తరానికి పోయి, రష్యా, ఆర్కిటిక్ మహాసముద్రం, కెనడా దాటి చికాగోకు దిగుతుంది. దగ్గరి దారి అదే!

2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య నేరుగా విమానం నడిపింది, తర్వాత ఆగిపోయింది. మనవాళ్లు ఎక్కువగా గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మారి వెళ్తారు. దుబాయ్‌లో మారితే చాలా చుట్టు అనుకుంటారు. కానీ దుబాయ్‌కి 2,550, అక్కడి నుంచి చికాగోకు 11,650. మొత్తం 14,200 కిలోమీటర్లు. సూటి దారి కంటే ఎక్కువయ్యేది 900 మాత్రమే, విమానానికి గంట పని. సమయం తినేది దూరం కాదు, నడుమ ఆగడం.

ఇప్పుడు వేళలు. టికెట్ మీద ప్రతి వేళా ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉదయం 4:20కి బయలుదేరి దుబాయ్‌లో 6:30కి దిగారనుకుందాం. రెండు గంటలే అనిపిస్తుంది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనుక, అంటే 3 గంటల 40 నిమిషాలు. అక్కడ 10 గంటలకు ఎక్కితే, చలికాలంలో చికాగోలో అదే రోజు మధ్యాహ్నం 3:45. అప్పుడు మనకు తెల్లవారితే మర్నాడు, వేకువ 3:15. ఒక్క ఈ విమానంలోనే 15 గంటల 45 నిమిషాలు. మొత్తం 23 గంటలకు అయిదు నిమిషాలు తక్కువ. తిరుగు ప్రయాణంలో పైన వీచే పడమటి గాలులు తోడై సమయం కొంత తగ్గుతుంది.

పెద్దవాళ్లకు నడుమ మూడు గంటలైనా ఉండేలా చూడండి. గంటన్నర వ్యవధి టికెట్ కొని, ఆ పెద్ద విమానాశ్రయంలో వాళ్లను పరుగెత్తించడం నాకు అన్యాయంగా తోస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చైర్ ముందే అడగండి. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండాలి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, మరో విమానంలో పంపే బాధ్యత ఆ సంస్థదే అవుతుంది.

ఇక ఇంటి నుంచి. మహబూబ్‌నగర్ వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నగరంలోకి పోకుండానే శంషాబాద్ వస్తుంది. నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి, చౌటుప్పల్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాలి. సంక్రాంతి ముగిశాక పంతంగి టోల్ గేట్ దగ్గర బారులు తీరే రోజుల్లో ఇంకా ముందే కదలాలి. పైన చెప్పిన ఉదయం 4:20 విమానానికి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండాలంటే నల్లగొండలో ముందు రోజు రాత్రి 10:30కే కారు ఎక్కాలి.

చికాగోలో దిగాక కూడా ఇమ్మిగ్రేషన్ వరుస, సామాను అయ్యేసరికి మనకు ఉదయం 5 కావచ్చు. మూడున్నరకే ఫోను రాలేదని కంగారు పడకండి.