అరెస్టు వార్త తర్వాత

సభకు నమస్కారం. చెన్నైలో క్రైమ్ రిపోర్టర్‌గా గడిపిన కాలం గురించి తెలుగులో మాట్లాడమని నిర్వాహకులు కోరినప్పుడు, సంచలన కేసుల కథలు వినిపించడం నా ఉద్దేశం కాదని ముందే మనవి చేశాను. నేర వార్తను తొలిరోజు రాయడం సులువు, ఆ కేసు వెంట తీర్పు దాకా నడవడం కష్టం. కానీ నేర విలేకరి అసలు పని ఆ రెండోదేనని నేను నమ్ముతాను.

తొలిరోజు వార్త ఎలా తయారవుతుందో చూడండి. సాయంత్రానికి పోలీసుల నుంచి ప్రెస్ నోట్ వస్తుంది. నిందితుడు లాకప్‌లో ఉంటాడు, అతనికి ఇంకా వకీలు కుదరడు, మృతుని బంధువులు మార్చురీ దగ్గర పోస్టుమార్టం కోసం కాచుకుని ఉంటారు, డెస్కులో మొదటి ఎడిషన్‌కు వేళ మించిపోతూ ఉంటుంది. కాబట్టి మర్నాడు పాఠకుడు చదివేది దాదాపు పూర్తిగా పోలీసుల కథనమే. పోలీసులు అబద్ధమాడతారని నేననడం లేదు; నిజాయతీపరులైన అధికారులను ఎందరినో దగ్గరగా చూశాను. అయితే ఆ వేళకు వారికి తెలిసిందీ సగమే. విచారణలో నేరం ఒప్పుకున్నాడన్న వాక్యం తరచూ ఆ నోట్‌లో కనిపిస్తుంది. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలును నిందితుడిపై రుజువుగా వాడరాదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టం కూడా ఆ నియమాన్ని అలాగే ఉంచింది. అయినా మన పత్రికల్లో శీర్షికకెక్కేది ఆ వాక్యమే.

ఎఫ్ఐఆర్ చదవడం ఒక విద్య. నేను చేరిన రోజుల్లో స్టేషన్ రైటర్ తమిళంలో గొలుసుకట్టుగా రాసేవాడు, తెలుగువాడినైన నాకు ఆ రాత పట్టుబడడానికి చాలాకాలం పట్టింది. అందులో నేను ముందుగా చూసేది మూడు సమయాలు: నేరం జరిగిన సమయం, ఫిర్యాదు స్టేషన్‌కు అందిన సమయం, ఆ ప్రతి మేజిస్ట్రేట్‌కు చేరిన సమయం. చివరిది మేజిస్ట్రేట్ ఆ ప్రతిమీదే రాసి సంతకం చేస్తారు. రాత్రి పదింటికి నమోదైన హత్య కేసు కాగితం, అరగంట దూరంలో ఉన్న మేజిస్ట్రేట్‌కు మర్నాడు మధ్యాహ్నం చేరితే, ఈలోగా అందులో ఎవరి పేర్లు చేరాయన్న ప్రశ్నను కొన్నేళ్ల తర్వాత డిఫెన్సు వకీలు తప్పకుండా వేస్తాడు. విలేకరి దాన్ని మొదటి వారంలోనే వేయగలడు. అలాగే గుర్తింపు పరేడ్, అంటే నిందితుణ్ణి మరికొందరితో కలిపి నిలబెట్టి సాక్షితో గుర్తుపట్టించడం, జరగకముందే నిందితుడి ఫొటో అచ్చువేస్తే, సాక్షి అతన్ని పత్రికలో చూసే గుర్తుపట్టాడని వాదించే అవకాశాన్ని మనమే ఇచ్చినవాళ్లమవుతాం.

ఇప్పుడు చెన్నై పోలీసు కమిషనర్ కార్యాలయం ఉన్న వేపేరిలోనే 1944 నవంబరులో సి.ఎన్. లక్ష్మీకాంతన్ కత్తిపోట్లకు గురై, మర్నాడు మరణించాడు. ఆయన సినిమావాళ్ల సొంత జీవితాలను అచ్చువేసి బతికిన పత్రికాధిపతి. ఆ కేసులో తమిళ సినిమా అగ్రనటుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు చిత్ర నిర్మాత శ్రీరాములు నాయుడు అరెస్టయ్యారు. నాయుడును నిర్దోషిగా వదిలిపెట్టారు, మిగతా ఇద్దరికీ యావజ్జీవ శిక్ష పడింది. అప్పీలు అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లి మళ్లీ మద్రాసు హైకోర్టుకు వచ్చాక, 1947లో వారిద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికి జైల్లో రెండేళ్లు దాటాయి. భాగవతార్ సినీ జీవితం మళ్లీ కోలుకోలేదు. అరెస్టు ఊరంతటినీ ఊపేసింది. విడుదల అతనికి పోయినదాన్ని తిరిగి ఇవ్వలేకపోయింది.

నా తరం విలేకరులకు అలాంటి కేసు 1991 మే 21 రాత్రి శ్రీపెరుంబుదూరులో మొదలైంది. రాజీవ్ గాంధీతో పాటు ఆ పేలుడులో మరణించినవారిలో హరిబాబు అనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. అతని కెమెరా మాత్రం చెక్కుచెదరలేదు, అందులోని చిత్రాలే దర్యాప్తుకు దారి చూపాయి. 1998 జనవరిలో ప్రత్యేక కోర్టు 26 మందికీ మరణశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు వారిలో 19 మందిని హత్య, కుట్ర అభియోగాల నుంచి విముక్తులను చేసి, నలుగురికి మరణశిక్షను, ముగ్గురికి యావజ్జీవాన్ని ఖాయం చేసింది. తర్వాత ఆ మరణశిక్షలూ తగ్గాయి, 2022 నాటికి ఏడుగురూ విడుదలయ్యారు. పేలుడు నాటి యువ విలేకరి చివరి విడుదల నాటికి పదవీ విరమణ వయసుకు వచ్చాడు. తీర్పు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. కానీ 26 మరణశిక్షల వార్త గుర్తున్నవారిలో 19 మంది సంగతి ఎందరికి గుర్తుంది?

చెన్నైలో తెలుగు విలేకరికి ఇంకో బాధ్యత కూడా ఉంటుంది. 2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు. మార్చురీ బయట ఒక పెద్దాయన కొడుకును మొలతాడు చూసి గుర్తుపట్టాడు. కాగితం నింపుతున్న తమిళ కానిస్టేబుల్, పేరుకు ముందున్న ఇంటిపేరును ఇక్కడి అలవాటు ప్రకారం తండ్రి పేరనుకుని రాసేశాడు. "అది కాదు బాబూ, నా పేరు వేరే" అని పెద్దాయన తెలుగులో అంటున్నాడు, కానిస్టేబుల్‌కు అర్థం కావడం లేదు. ఆ కాగితం అలాగే ఊరికి వెళితే, నష్టపరిహారం అడిగేనాటికి తండ్రి తండ్రి కాకుండా పోతాడు. నేను కూర్చుని ఊరి పేరు, మండలం పేరుతో సహా తమిళంలో చెప్పి దిద్దించాను. ఆ రోజు నేను రాసిన వార్త కన్నా ఈ పని ముఖ్యమైందని ఇప్పటికీ అనుకుంటాను.

మన హద్దులు ఏమిటో చెప్పిన తీర్పు కూడా ఈ నగరపు కేసులోంచే వచ్చింది. హత్య కేసుల్లో ఉరిశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను ఒక తమిళ పత్రిక ప్రచురించబోతే అధికారులు అడ్డుపడ్డారు. 1994 అక్టోబరులో సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. తమ పరువు పోతుందన్న భయంతో అధికారులు ప్రచురణను ముందుగానే ఆపలేరని, కోర్టు రికార్డుల వంటి బహిరంగ పత్రాల్లో ఉన్నదాన్ని అనుమతి లేకుండానే రాయవచ్చని, అంతకు మించి సొంత జీవితంలోకి చొరబడాలంటే అనుమతి కావాలని అందులో చెప్పారు. లైంగిక దాడికి, అపహరణకు గురైన మహిళ పేరు రికార్డులో ఉన్నా పత్రికకు ఎక్కరాదని కూడా స్పష్టంచేశారు. కొత్తగా క్రైమ్ బీటులోకి వచ్చేవారు చదవవలసిన మొదటి పాఠం అదేనని నా ఉద్దేశం.

ఇక్కడ కొందరు సంపాదకులు కూడా ఉన్నారు కనుక ఒక విన్నపం. ఒకప్పుడు పాత పత్రిక అటకెక్కేది, అరెస్టు వార్త దానితో పాటే మరుగున పడేది. ఇప్పుడు నిర్దోషిగా విడుదలైన మనిషి ఉద్యోగానికి దరఖాస్తు చేస్తే, ఫోనులో అతని పేరు వెతికినవారికి మొదట కనిపించేది పదేళ్ల నాటి మన అరెస్టు వార్తే. మీ వెబ్‌సైట్‌లో ఆ పాత వార్త పైభాగంలోనే తీర్పు తేదీ, ఫలితం చేర్చే పనిని డెస్కులో ఒకరికి అప్పగించండి. ఏ కేసు ఏ కోర్టులో ఏ వాయిదాకు ఉందో మీ క్రైమ్ రిపోర్టర్ డైరీలో రాసి ఉంటుంది. అతన్ని వారంలో ఒకరోజు స్టేషన్లకు కాకుండా కోర్టుకు పంపండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.