క్రెడిట్లు నిండాయి, డిగ్రీ మాత్రం రాలేదు

స్టూడియో చర్చ పాఠం. పాల్గొన్నవారు: చరిత్ర శాఖలో చాలాకాలం పనిచేసి డీన్‌గా రిటైరైన ఒక ప్రొఫెసర్, ఆర్ట్స్ విద్యార్థులకు కోర్సుల ఎంపికలో దారి చూపే ఒక అకడమిక్ సలహాదారు, ప్రొబేషన్ దాటి డిగ్రీ పూర్తి చేసిన ఒక పూర్వ విద్యార్థిని.

నిర్వాహకురాలు: నమస్కారం. ఈ రోజు చర్చకు కారణం మాకు వచ్చిన ఒక ఉత్తరం. రాసినవారు ఆర్ట్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నారు. "120 క్రెడిట్లు పూర్తి చేశాను. ఒక్క సబ్జెక్టు కూడా తప్పలేదు. అయినా పట్టా అందుకునేవాళ్ల జాబితాలో నా పేరు లేదు. నా తప్పేమిటి?" అని అడిగారు. సార్, మీతోనే మొదలుపెడదాం.

ప్రొఫెసర్: తప్పేమీ లేకుండానే ఇలా జరగవచ్చు. అదే ఇందులో బాధాకరమైన సంగతి. 120 అనేది మొత్తం మాత్రమే. ఆ మొత్తం లోపల ఇంకో నాలుగైదు లెక్కలు ఉంటాయి. మేజర్‌లో, అంటే ప్రధాన సబ్జెక్టులో, ఇన్ని క్రెడిట్లు చదవాలి. మేజర్ బయట సైన్స్, భాష, సమాజశాస్త్రం లాంటి విభాగాల నుంచి కొన్ని తీసుకోవాలి. పై స్థాయి కోర్సులు, అంటే మూడు, నాలుగో సంవత్సరాల కోర్సులు, కనీసం ఇన్ని ఉండాలి. కొన్ని క్రెడిట్లు ఆ యూనివర్సిటీలోనే సంపాదించాలి. వీటన్నిటి పైన సగటు గ్రేడు కనీస స్థాయికి తగ్గకూడదు. ఇందులో ఏ ఒక్కటి ఆగినా పట్టా ఆగిపోతుంది.

సలహాదారు: నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పై స్థాయి కోర్సుల దగ్గరే ఆగిపోతారు. మొదటి రెండేళ్లూ ఆసక్తిగా అనిపించిన ప్రతి పరిచయ కోర్సూ తీసుకుంటారు. అందులో తప్పేమీ లేదు, ఆర్ట్స్ చదువులో ఉన్న ఆనందమే అది. చివరికి చూస్తే కింది స్థాయి క్రెడిట్లు కుప్పగా ఉంటాయి, పై స్థాయివి చాలవు. ఆ మిగులును ఈ లోటుకు సర్దడం కుదరదు.

నిర్వాహకురాలు: ఇన్ని లెక్కలు ఎందుకు పెట్టారు సార్? పిల్లలను ఇబ్బంది పెట్టడానికే అన్నట్టు ఉంటుంది చూసేవాళ్లకు.

ప్రొఫెసర్: దీనికి ఒక చరిత్ర ఉంది. మధ్యయుగ యూరప్ యూనివర్సిటీల్లో న్యాయశాస్త్రం, వైద్యం, మతశాస్త్రం చదవాలంటే మామూలుగా ముందు ఆర్ట్స్ ఫ్యాకల్టీ గడప దాటాలి. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, ఆ తర్వాత అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. అన్నీ కలిపి ఏడు విద్యలు. అందరికీ అదే వరస, ఎంపిక అన్నదే లేదు. తర్వాత దీనికి పూర్తిగా ఎదురైన ప్రయోగం హార్వర్డ్‌లో జరిగింది. 1869 నుంచి 1909 వరకు అక్కడ అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్, విద్యార్థి తనకు నచ్చిన కోర్సులు తానే ఎంచుకోవచ్చన్న పద్ధతిని బాగా విస్తరించాడు. దానివల్ల చదువులోకి గాలీ వెలుతురూ వచ్చాయి. కానీ కొంతమంది సులువైన పరిచయ కోర్సులు ఏరుకుని పట్టాతో బయటపడుతున్నారన్న విమర్శ కూడా వచ్చింది. 1909లో ఆ పదవిలోకి వచ్చిన లారెన్స్ లోవెల్ రెండింటినీ కలిపాడు. ఒక విషయంలో లోతు, మిగతా విభాగాల్లో విస్తృతి. ఈ రోజు మనం మేజర్ అనీ, విభాగాల వారీ నిబంధనలనీ అంటున్న వాటికి ఆ ఏర్పాటే దగ్గరి పూర్వీకురాలు. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. ఒక్క గణాంకాల కోర్సయినా చదివిన చరిత్ర విద్యార్థి జనాభా లెక్కల పట్టికను చూసి బెదిరిపోడు.

నిర్వాహకురాలు: క్రెడిట్ అంటే అసలు ఏమిటో కూడా చెప్పండి మేడమ్. చాలామంది దాన్ని మార్కులనుకుంటారు.

సలహాదారు: క్రెడిట్ అంటే పని గంటల లెక్క. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సుమారు 15 వారాల సెమిస్టర్‌లో వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు. స్టూడియో, రిహార్సల్ కోర్సుల్లో అదే ఒక క్రెడిట్‌కు రెండు మూడు గంటలు గదిలోనే గడపాల్సి వస్తుంది. యూరప్‌లో లెక్క వేరు. ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని, డిగ్రీకి 180 నుంచి 240. అందుకే అక్కడి 60 క్రెడిట్లను అమెరికా పద్ధతిలోని 30కి సమానంగా చూడటం మామూలు. ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మారే విద్యార్థి అంకె ఒక్కటే చూసుకుంటే బోల్తా పడతాడు.

పూర్వ విద్యార్థిని: ఆ పని గంటల లెక్క నాకు మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. 15 క్రెడిట్లు అంటే వారానికి 15 గంటలు, మిగతా సమయమంతా నాదేననుకున్నాను. దాంతోపాటు వారానికి 20 గంటల ఉద్యోగం ఒప్పుకున్నాను. 45 గంటల చదువు, 20 గంటల పని. కలిపితే 65. ఆ కూడిక ఆ రోజు వేసుకోలేదు.

నిర్వాహకురాలు: ఆ సెమిస్టర్ ఏమైందో చెప్పగలరా?

పూర్వ విద్యార్థిని: నా జీపీఏ, అంటే 4.0కు లెక్కవేసే సగటు గ్రేడు, 1.4 వచ్చింది. ఉండాల్సింది 2.0. సెలవుల్లో యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. అందులో "అకడమిక్ ప్రొబేషన్" అన్న మాట కనిపించగానే మూసేశాను. ప్రొబేషన్ అంటే తీసేశారనే అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. ఆరు వారాలు దాన్ని మళ్లీ తెరవలేదు. ఇక ఈ చదువు నావల్ల కాదు, నేను దీనికి పుట్టలేదు అనుకుంటూ తరగతులకు వెళ్లేదాన్ని. చివరికి తెరిచి చూస్తే, సెమిస్టర్ మొదటి రెండు వారాల్లో సలహాదారును కలవాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

సలహాదారు: ఈ అమ్మాయి అప్పుడు పొరబడిన మాటను విడమరిచి చెప్పాలనుంది. ప్రొబేషన్ అంటే తీసేయడం కాదు. నువ్వు ఇంకా మా విద్యార్థివే, నీ చదువు జారుతోంది, వచ్చి మాట్లాడు అని చెప్పడం. పేర్లు చోటుకో రకంగా ఉంటాయి గానీ మెట్లు దాదాపు ఒకటే. సగటు కనీస స్థాయికి పైన ఉంటే గుడ్ స్టాండింగ్. తగ్గితే ప్రొబేషన్. ప్రొబేషన్‌లో కూడా కోలుకోకపోతే ఒక సెమిస్టరో ఒక ఏడాదో సస్పెన్షన్. తిరిగి వచ్చాక కూడా నిలబడలేకపోతేనే పేరు తీసేయడం. ప్రతి మెట్టు దగ్గరా అప్పీలు ఉంటుంది. అనారోగ్యం, ఇంట్లో మరణం, ఆదాయం పోవడం లాంటి కారణాలు కాగితాలతో చూపిస్తే కమిటీలు వింటాయి. నేను అలాంటి కమిటీల్లో కూర్చున్నాను. చాలా అప్పీళ్లలో "ఇకపై కష్టపడతాను" అని మాత్రమే ఉంటుంది. ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది, వచ్చే సెమిస్టర్ ఏ కోర్సులు, ఎన్ని గంటలు, ఎవరి సాయంతో అన్నది రాయాలి. కమిటీ వెతికేది అదే.

ప్రొఫెసర్: ఆ మెయిల్ రాసే తీరు మీద నాకు కోపం ఉంది. 18 ఏళ్ల పిల్లకు పంపే ఉత్తరంలో మొదటి వాక్యం "నీ చదువు ఆగిపోలేదు" అని ఉండాలి. నిబంధన సంఖ్యలు తర్వాత రాసుకోవచ్చు. నేను డీన్‌గా ఉన్నప్పుడు కూడా చాలా ఏళ్లు పాత మూస ఉత్తరాన్నే సంతకం చేసి పంపాను. దాన్ని ముందే మార్చి ఉండాల్సింది.

నిర్వాహకురాలు: 1.4 నుంచి పైకి ఎలా వచ్చారు?

పూర్వ విద్యార్థిని: లెక్క వేశాక ధైర్యం వచ్చింది. మేడమ్ లాంటి ఒకావిడ నన్ను కూర్చోబెట్టి కాగితం మీద వేసి చూపించారు. 15 క్రెడిట్లు 1.4తో గుణిస్తే 21 పాయింట్లు. రెండో సెమిస్టర్‌లో 12 క్రెడిట్లే తీసుకున్నాను, ఉద్యోగం 10 గంటలకు తగ్గించాను. 2.5 వచ్చింది, అంటే ఇంకో 30 పాయింట్లు. మొత్తం 27 క్రెడిట్లకు 51. సగటు 1.89. ఇంకా 2.0 కాలేదు. కానీ ఆ ఒక్క సెమిస్టర్ సగటు 2.0 దాటినందువల్ల ప్రొబేషన్‌లోనే కొనసాగనిచ్చారు. మూడోసారి ఇంకో 12 క్రెడిట్లు 2.6తో పూర్తయ్యేసరికి సగటు 2.1 అయ్యింది. ఆ రోజే ఇంట్లో అంతా చెప్పాను.

సలహాదారు: ఈ లెక్కలో అందరూ చూడాల్సింది ఒకటుంది. 30 క్రెడిట్ల దగ్గర 1.4 ఉంటే, తర్వాతి 30 క్రెడిట్లలో 2.6 తెచ్చుకుంటే సగటు 2.0కు చేరుతుంది. అదే 1.4 సగటు 90 క్రెడిట్ల దగ్గర ఉంటే, మిగిలిన 30లో 3.8 తేవాలి. 4.0కు 3.8! అంటే దాదాపు అన్నీ ఎ గ్రేడులే. ఆలస్యం అయ్యేకొద్దీ సగటు రాయిలా బిగుసుకుపోతుంది. అందుకే మొదటి ఏడాదిలో ప్రొబేషన్ వచ్చినవాళ్లను చూసి నేను భయపడను. మూడో ఏడాది దాకా దాచుకున్నవాళ్లను చూసి భయపడతాను.

నిర్వాహకురాలు: తప్పిన కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు పోతుందా?

సలహాదారు: అది యూనివర్సిటీని బట్టి ఉంటుంది. కొన్ని చోట్ల కొత్త గ్రేడు పాతదాని స్థానంలోకి వస్తుంది. కొన్ని చోట్ల రెండూ సగటులో కలుస్తాయి. ట్రాన్స్‌క్రిప్ట్, అంటే కోర్సులూ గ్రేడుల పట్టిక, మీద మాత్రం సాధారణంగా రెండూ కనిపిస్తాయి. మళ్లీ చదవాలని నిర్ణయించుకునే ముందు ఈ ఒక్క నిబంధన తప్పకుండా చూసుకోవాలి. ఇంకొకటి. గడువులోపల కోర్సు నుంచి తప్పుకుంటే, తప్పుకున్నారని తెలిపే డబ్ల్యూ పడుతుంది, అది జీపీఏను తగ్గించదు. గడువు దాటాక వదిలేస్తే ఎఫ్, అంటే ఫెయిల్ గ్రేడు, పడుతుంది. సున్నా పాయింట్లతో సగటులో కూర్చుంటుంది. అలాగని డబ్ల్యూకు ఖర్చు లేదనుకోవద్దు. అమెరికాలో ప్రభుత్వ ఆర్థిక సాయం మీద చదివేవాళ్లకు వేరే కొలత ఉంది. డిగ్రీకి కావలసిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్ల లోపల చదువు పూర్తి కావాలి. అంటే ప్రయత్నించిన క్రెడిట్లలో దాదాపు మూడింట రెండు వంతులు పాసై ఉండాలి. అక్కడ డబ్ల్యూ కూడా ప్రయత్నం కిందే లెక్క. తరగతి గదిలో గుడ్ స్టాండింగ్ ఉండి కూడా సాయం ఆగిపోయినవాళ్లను చూశాను.

ప్రొఫెసర్: డి గ్రేడు సంగతి కూడా చెప్పాలి. డి వస్తే పాస్. మొత్తం క్రెడిట్లలో కలుస్తుంది. కానీ మేజర్‌కు లెక్కలోకి రావాలంటే చాలా శాఖలు కనీసం సి అడుగుతాయి. విద్యార్థి "పాసయ్యాను" అనుకుంటాడు, శాఖ "ఇది మాకు చెల్లదు" అంటుంది. ఇద్దరిదీ నిజమే. మేజర్ సగటును మొత్తం సగటు నుంచి వేరుగా చూసే శాఖలూ ఉన్నాయి.

నిర్వాహకురాలు: మంచి గ్రేడులు వచ్చినవాళ్లకిచ్చే డీన్స్ లిస్ట్, ఆనర్స్ లాంటి గుర్తింపుల సంగతేమిటి?

ప్రొఫెసర్: మంచివే. రిజల్ట్ బాగా వస్తే అవే వస్తాయి. వాటి కోసం కష్టమైన కోర్సులు తప్పించుకోవద్దని మాత్రం చెబుతాను.

పూర్వ విద్యార్థిని: నా కథ ప్రొబేషన్‌తో అయిపోలేదు. చివరి సంవత్సరంలో నాకూ ఈ ఉత్తరం రాసినవాళ్ల పరిస్థితే వచ్చింది. రెండో భాష నిబంధనలో ఒక కోర్సు మిగిలిపోయింది. అది రెండో స్థాయి కోర్సు, ఏడాదికి ఒక్క సెమిస్టర్‌లోనే చెబుతారు. నేను తెలుసుకునేసరికి ఆ సెమిస్టర్ దాటిపోయింది. ఒక్క కోర్సు కోసం ఎనిమిది నెలలు ఆగాను. చదువు తప్పినప్పుడు కంటే అప్పుడే ఎక్కువ ఏడ్చాను. ఎందుకంటే ఈసారి నేను ఎక్కడా నిర్లక్ష్యం చేయలేదు.

ప్రొఫెసర్: అలా జరగకూడదమ్మా. అందులో యూనివర్సిటీ బాధ్యత కూడా ఉంది. ఏడాదికి ఒకసారే చెప్పే కోర్సును తప్పనిసరి చేస్తే, ఆ సంగతి మొదటి సంవత్సరంలోనే ప్రతి విద్యార్థికీ పంపాలి. నిబంధనల పుస్తకంలో ఎక్కడో ఉందంటే సరిపోదు.

నిర్వాహకురాలు: నిబంధనల పుస్తకం అన్నారు. ప్రతి ఏడాదీ అది మారుతుంది కదా. ఏది వర్తిస్తుంది?

సలహాదారు: సాధారణంగా మీరు చేరిన ఏడాది పుస్తకం. మేజర్ మార్చుకున్నా, మధ్యలో చదువు ఆపి తిరిగి వచ్చినా కొత్త పుస్తకం వర్తించవచ్చు. అందుకే చేరిన ఏడాది పుస్తకాన్ని దాచుకోమంటాను. సీనియర్లు చెప్పింది వాళ్ల ఏడాదికి నిజం, మీ ఏడాదికి కాకపోవచ్చు. వేరే చోట నుంచి బదిలీ అయిన క్రెడిట్ల విషయమూ అంతే. అవి మొత్తంలో కలుస్తాయి, చాలా చోట్ల జీపీఏలో కలవవు. పై స్థాయి కోర్సు కింద ఒప్పుకున్నారా లేదా అన్నది మళ్లీ వేరే ప్రశ్న.

నిర్వాహకురాలు: ఉత్తరం రాసినవారికి ఇప్పుడు ఏం చెబుతారు? వాళ్లు ఈ కార్యక్రమం చూస్తూ ఉంటారు.

సలహాదారు: ముందు డిగ్రీ ఆడిట్ నివేదిక తీయించుకోండి. అది మీ కోర్సులన్నిటినీ నిబంధనల వారీగా పేర్చి, ఖాళీగా ఉన్న గడిని చూపిస్తుంది. ఆ గడిలో సరిపోయే కోర్సు మీరు ఇదివరకే వేరే పేరుతో చదివి ఉండవచ్చు. బదిలీ అయి ఉండవచ్చు, లేదా వేరే శాఖలో చదివి ఉండవచ్చు. అలా ఉంటే ఆ కోర్సు సిలబస్, మీరు రాసిన పేపర్లు జతచేసి, దీన్ని దానికి బదులుగా ఒప్పుకోండని శాఖకు దరఖాస్తు పెట్టండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. లేకపోతే వేసవి సెమిస్టర్‌లో ఆ కోర్సు ఉందా అని అడగండి. వేరే యూనివర్సిటీలో చదివి క్రెడిట్ తెచ్చుకోవాలనుకుంటే ముందుగానే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి, చదివాక అడిగితే కష్టం. పట్టా కోసం పెట్టుకునే దరఖాస్తుకు వేరే గడువు ఉంటుంది, అదీ ఈ వారమే చూసుకోండి.

పూర్వ విద్యార్థిని: ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. నేను మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లి, కౌంటర్ దగ్గర మాట రాక వెనక్కి వచ్చేశాను. రెండోసారి స్నేహితురాలు వచ్చింది. ప్రశ్నలు తనే కాగితం మీద రాసి తెచ్చింది, ఒక్కొక్కటీ తనే అడిగింది.

నిర్వాహకురాలు: ముగ్గురికీ ధన్యవాదాలు. సార్, ప్రొబేషన్ ఉత్తరం మొదటి వాక్యం గురించి మీరు చెప్పిన మాటను, ఉత్తరం రాసినవారికి పంపే జవాబులో అలాగే చేరుస్తాం.