పోలీసు నోట్లో ఈల

శ్రోతలకు నమస్కారం.

పాత్రలు పంచుకుని కథ రాసే ఆట ఒకటి ఉంది. నాటకంలాగే ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర, కానీ ముందే రాసిపెట్టిన సంభాషణలు ఉండవు. నా పాత్ర మాట నేను రాస్తాను, మీ పాత్ర బదులు మీరు రాస్తారు. కథ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. దీన్ని గుంపుగా ఆడాలా, ఇద్దరే ఆడాలా? ఈ పూట అదే మాట్లాడుకుందాం.

నెల్లూరులో మేము ఆరుగురం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. కథ జరిగే చోటు స్వర్ణాల చెరువు, సందర్భం రొట్టెల పండుగ. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగేది మీకు తెలిసిందే. కోరిక ఉన్నవారు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె అందుకుంటారు, కోరిక తీరినవారు మళ్లీ వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె. నేను ఉద్యోగం రొట్టె కోసం వచ్చిన కుర్రాణ్ణి. ఒక స్నేహితురాలు, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని రొట్టె తెచ్చిన తల్లి. ఇంకా గాజులమ్మే ఆవిడ, తప్పిపోయిన పిల్ల, బస్సు డ్రైవరు, ఒక పోలీసు.

మొదటి సాయంత్రం ఎంత బాగుందో! పిల్ల గాజుల అంగడిలో దూరింది, గాజులు పగిలాయి, డ్రైవరు మధ్యలో తల దూర్చాడు, పోలీసు ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఒక్కరే కూర్చుని రాస్తే ఆ సందడి రాదు.

మర్నాడు నేను నీళ్లలోకి దిగి, ‘అమ్మా, ఉద్యోగం రొట్టె ఉందా?’ అని అడిగాను. ఆ తల్లి బదులు వచ్చేలోపు మిగతావాళ్లు కథను చీకటి పడేదాకా లాక్కుపోయారు. ‘ఉంది నాయనా, ఎండగా ఉంది, ఇటు రా’ అని ఆమె అన్నది దీపాలు వెలిగాక!

ఇక పోలీసు. ఆ పాత్ర రాసే అబ్బాయికి పరీక్షలు వచ్చాయి. తొమ్మిది రోజులు ఆ పోలీసు నోట్లో ఈల అలాగే ఉంది. ఊదడు, తీయడు. ఇంకొకరి పాత్రను మనం కదిలించకూడదన్నది ఈ ఆటలో మొదటి కట్టుబాటు. మన వైపు కవి ఎర్రన గుర్తొస్తాడు నాకు. 11వ శతాబ్దంలో నన్నయ వదిలిన అరణ్యపర్వాన్ని ఆయన 14వ శతాబ్దంలో పూర్తిచేసి, నన్నయ పేరు మీదే రాజరాజనరేంద్రుడికి అంకితమిచ్చాడు. అంత మర్యాద మాకు చేతకాలేదు గానీ, ఈలను మాత్రం ముట్టుకోలేదు.

చివరికి ఆ తల్లీ నేనూ పక్కకు వచ్చి, ఇద్దరమే రాసుకున్నాం. మోకాలి లోతు నీళ్లు. స్టీలు డబ్బాలో, తడిగుడ్డలో చుట్టిన రొట్టె. ఆమె మూత తీసి, చెయ్యి చాపబోయి ఆగింది. ‘నాయనా, మా వాడికి ఉద్యోగం వచ్చింది. వచ్చాక మూడేళ్లుగా ఇంటికి రాలేదు. నీకు ఇప్పటికీ ఈ రొట్టె కావాలా?’ అని అడిగింది.

నా కుర్రాడు జవాబు చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. గ్రూపులో అయితే ఆ రెండు రోజులు ఎవరిస్తారు? ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

అలాగని ఇద్దరితో అంతా సుఖమనుకోకండి. ఆ స్నేహితురాలు ఎవరిదో పెళ్లికి ఊరెళితే కథ మొత్తం ఆగింది. గాజులావిడను నేను రాస్తే, పాపం, ఆవిడ నోట్లోంచి నా మాటలే వచ్చాయి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇద్దరితో మొదలుపెట్టండి, నా మాట వినండి. గుంపే కావాలంటే, కథ కన్నా ముందు ఒక్క సంగతి తేల్చుకోండి: ఎన్నాళ్లు ఎదురుచూడాలి? రెండు రోజులు దాటితే ఆ పాత్ర జనంలో కలిసిపోయిందని రాసేయవచ్చని అందరూ ముందే ఒప్పుకోండి. రెండు రోజులో, నాలుగు రోజులో మీ ఇష్టం. కానీ ముందే ఒప్పుకోండి.

పరీక్షలయ్యాక మా పోలీసు తిరిగొచ్చి, ‘ఈల ఊదనా?’ అని అడిగాడు. అప్పటికి అంగళ్లు కూడా ఎత్తేశారు. సరే, ఊదమన్నాం. ఖాళీ గట్టు మీద ఒక్కడే నిలబడి ఊదాడు.